మంద ఆగితే గుట్టకు ఏమవుతుంది?

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1 కోటి 76 లక్షలు. తెలంగాణ తర్వాత దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం మనదే. అందులో పెద్ద వాటా అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాది. ఈ లెక్క ఒక్కటే చూస్తే గొర్రెల కాపరి బతుకు పచ్చగా ఉందనిపిస్తుంది. రాయలసీమలో కల్యాణదుర్గం, మడకశిర, ఆలూరు, పత్తికొండ, రాయచోటి వైపు ఊళ్ళలో పెద్దవాళ్ళను కదిలిస్తే మాత్రం ఇంకో మాట వినిపిస్తుంది: ఒకప్పుడు కోతలయ్యాక మందలు ఊరు దాటి పోయేవి, నెలల తరబడి తిరిగి వానలకు వచ్చేవి, ఇప్పుడు పోయేవాళ్ళు తగ్గిపోయారు.

రెండూ నిజమే. జీవాలు తగ్గలేదు, వాటి నడక తగ్గింది. మన మేత భూముల సంగతి అర్థం కావాలంటే ముందు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

గుట్టలు ఎందుకు బోడిగుండ్లయ్యాయని అడిగితే సిద్ధంగా రెండు జవాబులుంటాయి. గొర్రెలు, మేకలు మేసి మేసి పాడుచేశాయన్నది ఆఫీసుల జవాబు. మేసే నేలంతా మా చేతిలోంచి పోయిందన్నది కాపరుల జవాబు. కాపరుల మాటలోనే నిజం ఎక్కువని నా అభిప్రాయం. అయినా ఆ రెండు జవాబులూ ఎకరాల గురించో తలల గురించో మాట్లాడతాయి. గడ్డికి కావాల్సింది రోజుల లెక్క. ఒక దుబ్బును గొర్రె కొరికాక, మళ్ళీ అదే దుబ్బును కొరికేలోపు దానికి ఎన్నాళ్ళు ఊపిరి దొరికిందన్నదే గుట్ట పచ్చగా ఉంటుందో లేదో తేలుస్తుంది. ఆ ఊపిరి ఇచ్చింది మంద నడకే.

వాన పడిన చోటికి

అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి వస్తుంది. ఈశాన్య రుతుపవనం తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి నీరసపడుతుంది. ఆ 550 కూడా సమంగా పంచుకు రాదు. ఒక ఊరి చెరువు అలుగు పారుతుంటే, రెండు కోసుల దూరంలో విత్తడానికి పదును ఉండదు. ఒక ఏడాది కురిసిన మండలం మరుసటి ఏడాది ఎండుతుంది.

ఇట్లాంటి నేలలో మేత ఏటా ఒకేచోట ఉండదు. ఎకరాకు ఇన్ని జీవాలు అని పట్టిక వేసుకుని మేపే పద్ధతి వాన నమ్మకంగా పడే దేశాల్లో పుట్టింది. ఆఫ్రికా ఎండునేలల మీద 1980ల నుంచి జరిగిన పరిశోధనలు ఆ పట్టిక ఇలాంటి చోట్ల పనిచేయదని చూపాయి. వాన నిలకడ లేని చోట మేతను నిర్ణయించేది వాన. జీవాల సంఖ్య తర్వాతి మాట. కాబట్టి బుద్ధిగల పని మేత ఉన్నచోటికి మందను తోలుకుపోవడమే. గొర్రెలు కాచే కులాలవాళ్ళు కురుబలు, గొల్లలు ఆ పరిశోధనల కోసం కాచుక్కూర్చోలేదు, తరాలుగా చేస్తూనే ఉన్నారు.

ముంగారు వానలు పడగానే గుట్ట మీద గడ్డి మొలుస్తుంది. దుబ్బుకట్టే గడ్డి అయితే మొదటి రెండు మూడు వారాలు వేరులో దాచుకున్న బలంతోనే ఆకు తొడుగుతుంది. అప్పుడు కొరికితే ఆ దాచుకున్నదంతా పోతుంది. అదే పని వరసగా రెండు మూడేళ్ళు జరిగితే దుబ్బు చచ్చిపోతుంది. గింజ పట్టి రాలాక మేపితే నష్టం తక్కువ. జీవాల గిట్టలు రాలిన గింజను మట్టిలోకి తొక్కుతాయి కూడా. తొలకరి లేతగడ్డి మీద మందను ఒక్కసారిగా వదిలితే చిటుకు రోగం వస్తుందని తెలిసిన కాపరి భయపడతాడు. కడుపునిండా లేతపచ్చిక తిన్న మంచి పొట్టేలు సాయంత్రం బాగానే ఉండి తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. జీవాల ప్రాణం కోసం పడిన ఆ భయం గడ్డికీ మేలు చేసింది.

ముంగారు నుంచి దీపావళి దాకా చేలలో పైరుంటుంది కాబట్టి జీవాలు గుట్టల మీద, బీళ్ళలో, వంకల గట్ల మీద మేసేవి. కొన్ని మందలు నల్లమల దారి పట్టేవి. వేరుశనగ పీకాక ఎర్రనేలల్లో రాలిన ఆకు, చేలగట్ల గడ్డి దొరికేది. ఆ తర్వాత ఉత్తరానికి నడక. కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ, ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో జొన్న కోతలు, పప్పుశనగ కోతలు అయ్యేసరికి మంద అక్కడ ఉండాలి. ఎండలు ముదిరాక కె.సి. (కర్నూలు-కడప) కాలువ, తుంగభద్ర ఎగువ, దిగువ కాలువల ఆయకట్టు. వరి కోసిన మడిలో దుబ్బు మొదళ్ళు, గట్ల మీద పచ్చిక, తాగడానికి కాలువ నీళ్ళు. కొందరు సరిహద్దు దాటి బళ్ళారి, సిరుగుప్ప దాకా పోయేవాళ్ళు. మళ్ళీ వానలు కుదురుకున్నాక ఇల్లు.

ఈ నెలలన్నీ సొంత ఊరి గుట్ట ఖాళీగా ఉండేది. ఎండిన దుబ్బు మొదళ్ళు వేసవిలో మిగిలి ఉండటం వల్ల తొలి జడివానకు మట్టి కోసుకుపోయేది కాదు. మంద తిరిగొచ్చేసరికి కొత్త గడ్డి వేరు పట్టి ఉండేది. ఇది ఎవరూ కాగితం మీద రాసిన నిర్వహణ ప్రణాళిక కాదు గానీ, చేసిన పని అదే.

చేలో ఒక రాత్రి

మంద నడిచిన దారి పొడవునా కాపరికి మేతనూ తిండినీ సంపాదించి పెట్టింది ఒక రాత్రిపూట ఒప్పందం. దాన్ని మంద కట్టించడం అంటాం. మేత భూముల మీద రాసే నివేదికల్లో దీనికి ఒక వాక్యం దక్కడం కూడా అరుదు. నాకు మాత్రం ఈ వ్యవహారమంతటికీ ఇరుసు ఇదేననిపిస్తుంది.

పొద్దుగూకే వేళకు మందను కోసిన చేలోకి తోలతారు. చుట్టూ వల కడతారు, లేదా కంప వేస్తారు. నాలుగైదు కుటుంబాల జీవాలు కలిసి ఒకే మందగా నడుస్తాయి కాబట్టి వందల జీవాలు ఆ చిన్న చోట ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. ఈనిన గొర్రెల పిల్లలు గంపల కింద ఉంటాయి. పాలకు వదిలేటప్పుడు ఏ పిల్ల ఏ తల్లిదో చీకట్లోనే పోల్చి వదలడం కాపరి పని. తోడేళ్ళు, దొంగలు వస్తారని కంబళి కప్పుకుని వల అంచునే ఒరుగుతారు. కుక్క సగం నిద్రలో ఉంటుంది. మర్నాడు వల పక్కకు జరుగుతుంది. అట్లా నాలుగైదు రాత్రుల్లో చేనంతా ఎరువు పరుచుకుంటుంది.

దిబ్బ ఎరువుకు, మంద ఎరువుకు తేడా ఉంది. దిబ్బలో మూత్రం వృథాగా ఇంకిపోతుంది, ఎండకు నత్రజని గాలిలో కలుస్తుంది. మంద కట్టిన చేలో మూత్రం నేరుగా మట్టిలోకి దిగుతుంది. పెంటికలు గిట్టల కింద నలిగి కలిసిపోతాయి. బండి కిరాయి లేదు, తోలే కూలి లేదు. అందుకే రైతే ఎదురెళ్ళి అడిగేవాడు.

"ఏం మామా, ఈ ఏడు మా చేన్లో నాలుగు రాత్రులు నిలపవా?"

"నీళ్ళు యాడున్నాయో చెప్పు అల్లుడా, నిలుపుతా."

బదులుగా జొన్నలు, రొక్కం, కాపరులకు రాత్రి సంగటి. రైతుకు ఎరువు కావాలి కాబట్టి కోత తర్వాత చేను తెరిచి ఉంచేవాడు. మంద వస్తుంది కాబట్టి చేలమధ్య దారి వదిలేవాడు. ఎక్కడో గుట్ట మీద మేసిన గడ్డిలోని సత్తువ ఆ పూట ఒక పేదరైతు చేలోకి చేరేది. ఒక్క ముక్క రాతకోత లేకుండా వందల ఊళ్ళలో మందకు అడుగుపెట్టే హక్కు వచ్చింది దీనివల్లే. యూరియా బస్తా సబ్సిడీ మీద ఊరిలోకి వచ్చాక ఆ అవసరం సన్నగిల్లింది. ఎరువు అవసరం పోయిన చోట చేను గేటు మూసుకోవడం కష్టమైన పనేమీ కాదు.

దారులు మూసుకున్న క్రమం

మొదట వేరుశనగ. 20వ శతాబ్దం రెండో సగంలో అనంతపురం దేశంలోనే ఎక్కువ విస్తీర్ణంలో వేరుశనగ వేసే జిల్లాగా మారింది. కొర్ర, సజ్జ, ఆరికె, ఉలవ చేలు పోయాయి. బీళ్ళు దున్నారు. గుట్టల వాలుల దాకా నాగలి ఎక్కింది. అయితే వేరుశనగ జీవాలకు పూర్తిగా శత్రువు కాలేదు. కాయ కొట్టాక మిగిలే కట్టె మంచి మేత, పీకిన చేను మందకు తెరిచే ఉండేది. అసలు దెబ్బ బోర్లతో వచ్చింది. బోరు పడితే చీనీ (బత్తాయి), మామిడి, దానిమ్మ. తోట అంటే పన్నెండు నెలలూ పచ్చగా ఉండేది, పన్నెండు నెలలూ కంచె ఉండాల్సింది. రాతికూసాలు పాతి తీగ లాగాక ఆ నేల మంద పటంలోంచి శాశ్వతంగా పోయినట్టే. 2012 నుంచి హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు పారుతున్నాయి. సీమకు అవి అమృతం, అందులో నాకు రెండో మాట లేదు. లోతైన కాలువను వందల జీవాలతో దాటాలంటే వంతెన దొరికేదాకా గట్టు వెంట నడవాలన్నది కూడా నిజమే. వంతెనలు బండ్లనూ బస్సులనూ చూసుకుని కట్టారు.

నల్లరేగడిలో పత్తి, మిరప పెరిగాయి. పత్తి కట్టె జనవరి, ఫిబ్రవరి దాకా చేలో నిలబడే ఉంటుంది. మందు కొట్టిన చేలో మేస్తే జీవాలు గుంపులుగా చస్తాయి. కలుపు మందు కొట్టిన గట్టు మీద తినడానికి ఏమీ మిగలదు. వానలేక వాడిన జొన్న పిలకలు తింటే నాము తగులుతుందని కాపరికి తాతల నాటినుంచి తెలుసు, ఆకు రంగు చూసి మందను మళ్ళిస్తాడు. పురుగుమందుకు అట్లాంటి గుర్తేదీ లేదు. చేను ఎవరిదో, నిన్న ఏం కొట్టాడో తెలియని పరాయి ఊళ్ళో ఆ ప్రమాదం తీసుకోవడానికి చాలామంది జంకుతున్నారు.

సోలార్ పార్కుల సంగతి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ళ దగ్గర 1000 మెగావాట్ల పార్కు సుమారు 6 వేల ఎకరాల్లో 2017 నాటికి లేచింది. నంబులపూలకుంట, తాడిపత్రి దగ్గరి తలారిచెరువు, కడప జిల్లా మైలవరం కూడా ఇదే వరసలోవి. ఎండే పంటగా ఉన్న సీమలో ఎండతో కరెంటు పుట్టించడం తప్పని నేననను. తప్పంతా ఆ నేలకు ముందే పెట్టిన పేరులో ఉంది. పన్ను రాని నేలను బంజరని బ్రిటిషువాళ్ళు రాసుకున్నారు. ఆ రాతే రెవెన్యూ అడంగల్‌లో మిగిలింది. పనికిరాని భూమి అని కాగితం చెబుతుంటే, దాని మీద ఏటా వేల జీవాలు మేస్తాయని ఎవరు అడుగుతారు? పట్టా ఉన్నవాళ్ళకు, డి-పట్టా (సర్కారు పేదలకు పంచిన భూమి పట్టా) ఉన్నవాళ్ళకు ఎంతోకొంత దక్కింది. మేపుకున్నవాడి పేరు ఏ పాసుపుస్తకంలోనూ ఉండదు.

డి-పట్టా అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. మేత పోరంబోకు, గుట్ట పోరంబోకుల్లో చాలా భాగాన్ని భూమిలేని పేదలకు పంచారు. అది న్యాయమైన పనే. అసైన్డ్ భూమి చేతులు మారకుండా 1977లో చట్టం కూడా చేశారు. పేదవాడు పెట్టుబడిలేక బీడు పెట్టుకున్నన్నాళ్ళూ ఆ నేల మేతకు పనికొచ్చేది. 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే వీలు కల్పిస్తూ 2023లో చట్టాన్ని సవరించాక, అట్లాంటి బీళ్ళ మీద కొనేవాళ్ళ కళ్ళు పడ్డాయి.

అడవిది పాత కథ. 1882 మద్రాసు అడవి చట్టంతో కంచె పడింది, పుల్లరి అనే మేపు పన్ను వచ్చింది. 1921-22లో పల్నాడులో, మన కడప జిల్లా రాయచోటి తాలూకాలో జనం ఆ చట్టాన్ని ధిక్కరించి జీవాలను అడవిలోకి తోలారు. పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణమే ఇచ్చాడు. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల ప్రాజెక్టు వచ్చాక నల్లమల లోపలి భాగంలో మేపు పూర్తిగా నిషిద్ధం. పులికి చోటు కావాలి, నిజమే. ఆ అడవి మీద ఆధారపడిన మందకు బదులు చోటేదో మాత్రం ఎవరూ చూపలేదు.

ఇక మనుషులు. జీవాల వెంట ఆరు నెలలు తిరిగే కొడుకు కంటే బెంగళూరులో నెల జీతం తెచ్చే కొడుకుకే సంబంధాలు వస్తాయి. జీతగాళ్ళు దొరకరు. నాలుగు వరుసల 44వ జాతీయ రహదారిని మందతో దాటడం ప్రాణాల మీదకు తెచ్చుకునే పని. నడిచినంత కాలం మగవాళ్ళు మంద వెంట ఉంటే ఇల్లూ చేనూ ఆడవాళ్ళు చూసుకునేవాళ్ళు. మంద ఇంటి దగ్గర ఆగాక మేత కోసి మోయడం, రొప్పం (గొర్రెల దొడ్డి) ఊడ్వడం కూడా వాళ్ళ నెత్తినే పడింది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇన్ని కారణాలతో నడక తగ్గితే జీవాలు కూడా తగ్గాలి కదా? తగ్గకపోవడానికి కారణం మాంసం ధర. ఉన్ని ధర బొచ్చు కత్తిరించే కూలికి కూడా చాలని స్థాయికి దిగాక నల్ల దక్కని గొర్రె స్థానంలో మాంసానికి పనికొచ్చే నెల్లూరు రకాలు వచ్చాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంపిణీ మొదలుపెట్టి పక్క రాష్ట్రాల్లో కొనుగోళ్ళకు దిగినప్పుడు సీమ సంతల్లోనూ ధరలు లేచాయి. పెట్టుబడి పెట్టి షెడ్లలో పొట్టేళ్ళను మేపేవాళ్ళు తయారయ్యారు. జీవం ఇప్పుడు నగదు. అందుకే దాన్ని వదులుకోరు, దూరం పంపరు.

ఆగిన మంద చుట్టూ

ఊరిని నడుమ పెట్టి నాలుగు దిక్కులా నడిచి చూస్తే తేడా కళ్ళకు కడుతుంది. పొద్దున వదిలి సాయంత్రం తిరిగి తోలుకొచ్చేంత దూరం, అంటే నాలుగైదు కిలోమీటర్ల వలయంలో నేల అరిగిపోయి ఉంటుంది. తొలకరి మొలకను మొలిచిన వారంలోనే కొరుకుతాయి, ఎందుకంటే వాటికి పోవడానికి ఇంకో చోటు లేదు. జీవాలు ఇష్టంగా తినే గడ్డి జాతులు వెనకబడతాయి. జీవాలు ముట్టని వెంపలి, తంగేడు, జిల్లేడు, వయ్యారిభామ ముందుకొస్తాయి. దూరంనుంచి చూస్తే గుట్ట పచ్చగానే ఉంటుంది, దగ్గరకెళ్తే తినేది లేదు. గడ్డి కప్పు పోయిన ఎర్రమట్టి వానకు పెచ్చు కడుతుంది, నీరు ఇంకదు, మట్టి చెరువులోకి చేరుతుంది.

సర్కారు తుమ్మ సంగతి మనకు ఇంకా దగ్గరిది. జమైకా నుంచి తెప్పించిన ఆ విత్తనాన్ని 1870ల చివర్లో మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలో దాని తొలి తోటల్లో అదొకటి. కాయ తియ్యగా ఉంటుంది, జీవాలు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు. పేగులోంచి పోయివచ్చిన గింజకు పైపొర మెత్తబడి ఇంకా బాగా మొలుస్తుంది, ఎరువుతో సహా నేలమీద పడుతుంది. మందలు ఊరిచుట్టే తిరిగితే ఊరిచుట్టే కంప లేస్తుంది. వంకలు, చెరువు అలుగులు, పాత రస్తాలు కంపతో మూసుకుపోయాక నడుద్దామనుకున్నవాడికి కూడా దారి లేదు. వంటచెరకు, బొగ్గు అమ్ముకుని బతికే పేదలకు అదే ఆసరా కాబట్టి దాన్ని ఒక్కమాటలో తిట్టేసి ఊరుకోలేం.

జీవాల ఒంట్లో కూడా ఈ మార్పు కనిపిస్తుంది. పేగుల్లో ఉండే నట్టల గుడ్లు పెంటికలతో నేలమీద పడి, పొదిగి, పిల్లపురుగులై గడ్డి పరక మీదికి పాకుతాయి. అక్కడ కొన్ని వారాలు బతుకుతాయి, జీవం మళ్ళీ వచ్చి తింటే కడుపులోకి చేరతాయి. మంద ముందుకు సాగిపోతే అవి ఎండకు మాడి చస్తాయి. రోజూ అదే గడ్డి, అదే చెరువు అంచు అయితే ఆ చక్రం తెగదు. చెరువు అంచున నత్తల నుంచి జలగ రోగం, బురదలో పుట్టే చిన్న దోమల నుంచి నీలినాలుక. మందుల ఖర్చు పెరిగింది. అదే నట్టల మందు పదే పదే తాగిస్తే నట్టలు దానికి అలవాటు పడిపోతాయి. నడక ఉచితంగా చేసిన వైద్యాన్ని ఇప్పుడు సీసాల్లో కొంటున్నాం.

మరి మంద పోని దూరపు గుట్టలు బాగుపడ్డాయా? కొన్నాళ్ళు గడ్డి పెరుగుతుంది. మేసేవాళ్ళు లేక నిలువునా ఎండుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఒక బీడీ ముక్క చాలు, మూడు గుట్టలు తగలబడతాయి. మేపు ఎక్కువైతే ఒక కీడు, అసలు లేకపోతే ఇంకో కీడు.

దీనికి సీమ ఇచ్చినంత మంచి సాక్ష్యం ఇంకెక్కడా దొరకదేమో. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా సిద్దవటం వైపు పొదల్లో మళ్ళీ కనిపించింది. దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసంలోకి వస్తే దారి మార్చాల్సి వచ్చింది. ఆ పిట్ట ఎలాంటి చోట తిరుగుతుందో శాస్త్రజ్ఞులు కొలిచారు. మనిషెత్తు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, మధ్యమధ్య నేల ఖాళీగా ఉన్న చోటే దానికి నచ్చుతుంది. పొదలు నరికేస్తే ఉండదు. చిక్కగా అల్లుకుపోయినా ఉండదు. ఆ మధ్యస్థ స్థితిని అన్నేళ్ళూ నిలిపినవాటిలో ఊళ్ళవాళ్ళ జీవాలు, కట్టెలమోపులు కూడా ఉన్నాయి. మేపును ఎంత అనుమతించాలన్నది అక్కడ పిట్ట బతుకుకు సంబంధించిన ప్రశ్న.

నంద్యాల వైపు రోళ్ళపాడు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో సుమారు 600 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. కంచె లోపల గడ్డిని కాపాడారు. ఆ పిట్ట మాత్రం కంచెలోపలే బతికేది కాదు. చుట్టూ ఉన్న బీళ్ళు, కొర్ర, జొన్న చేలు, మేసిన పొట్టిగడ్డి, అంతా దాని తిరుగుడే. ఆ చుట్టుపక్కల నేల వాడకం మారిపోయింది. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు, తోడేళ్ళు ఉన్నాయి. బట్టమేక లేదు.

ఎవరి చేతిలో ఉంది ఈ నేల?

ఒకే గుట్టకు మూడు ఆఫీసులు. కింది సగం రెవెన్యూది, పై సగం అడవి శాఖది, మేత పోరంబోకు పంచాయతీది. గొర్రెల సంగతి పశుసంవర్ధక శాఖది, దానికి నేలతో సంబంధం లేదు. రుణాలిచ్చేవాళ్ళు తలలు లెక్కపెడతారు. మేత ఎక్కడ అని అడిగేవాళ్ళు తక్కువ.

ఊరివాళ్ళే కూర్చుని నిర్వహించుకుంటే ఏమవుతుందో చూడాలంటే చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మధ్య ఉన్న కల్పవల్లికి పోవాలి. 1990ల మొదట్లో ముష్టికోవెల ఊరివాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా మొదలుపెట్టి, తర్వాత చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుని వేల ఎకరాల బోడిగుట్టలను కాపాడారు. మొక్కలు నాటడం కంటే ఎక్కువ చేసింది ఒకటే, వేసవిలో నిప్పు పడకుండా కాపలా కాయడం. వేర్లలో మిగిలిన ప్రాణం తనంతట తానే లేచింది. బోదగడ్డి, ఈత చెట్లు, ఊటలు తిరిగొచ్చాయి. జీవాలను బయటికి తరిమేయలేదు. తర్వాత ఆ గుట్టల మీదే గాలిమరలు వచ్చాయి, వాటి కోసం రోడ్లు కోశారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇన్నేళ్ళు కాపాడినా కాగితాల్లో అది బంజరే కావడం వల్ల వచ్చిన చిక్కు అది.

చట్టంలో చోటు లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) సెక్షన్ సంచార పశుపోషకులకు రుతువుల వారీగా మేపుకునే హక్కును గుర్తిస్తుంది. గిరిజనులు కానివాళ్ళు 75 ఏళ్ళ నివాసం, ఆధారపడటం రుజువు చేయాలన్న షరతు దగ్గర కురుబ, గొల్ల కుటుంబాలు ఆగిపోతాయి. ఏడాదిలో సగం రోజులు నడిచేవాడు ఏ ఊరి రుజువు తేవాలి? ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మేత పోరంబోకు కోసం కొట్లాడే ఊరికి అది గట్టి ఆధారం.

అందరూ మళ్ళీ తాతల్లా నడవాలని నేనడగను. ఆ నడకలో ఎండ ఉంది, దెబ్బలున్నాయి, పిల్లల చదువు పోవడం ఉంది. నడవాలనుకునేవాడికి దారి ఉండాలి. నడవనివాడి జీవాలు గుట్టను తొలి మూడు వారాలు వదిలేసేలా ఊరి కట్టు ఉండాలి, ఆ మూడు వారాలకు మేత చూపించాలి. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచుతున్నారు. ఎరువు కోసం మళ్ళీ వెతుకుతున్నారు. మంద కట్టించడానికి పంచాయతీ ఎకరానికింత సాయం చేస్తే, యూరియా మీద పెట్టే సబ్సిడీతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ప్యానెళ్ళ కింద గడ్డిని గొర్రెలతో మేపించడం అమెరికా, ఆస్ట్రేలియా సోలార్ క్షేత్రాల్లో జరుగుతున్నదే. గడ్డి కోసే కూలి వాళ్ళకు మిగులుతుంది, మన పార్కుల్లోనూ ఒప్పందంలో ఆ షరతు రాయించవచ్చు. టీకాలు సొంత ఊళ్ళోనే కాకుండా మంద ఉన్న ఊళ్ళో వేయించుకునే వీలుండాలి. 2026ను ఐక్యరాజ్యసమితి మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి అడగడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

అన్నిటికంటే తొందరపడాల్సింది భూముల రీసర్వే విషయంలో. 2020 డిసెంబరులో మొదలైన ఈ సర్వే డ్రోన్లతో, ఉపగ్రహ సాయంతో హద్దులు కొలిచే రోవర్లతో ఊరూరా కొత్త హద్దులు గీస్తోంది. పాత పటాల్లో రస్తా పోరంబోకు, వంక పోరంబోకు, మేత పోరంబోకు అని గీతలున్నాయి, మందలు నడిచింది వాటి వెంటే. ఇప్పుడు ఆ రస్తాల్లో చాలావాటి మీద కంపో పక్కచేనో ఉంది. నేలమీద కనబడనిది కొత్త పటంలోకి ఎక్కకపోతే ఇక అడగడానికి ఆధారం ఉండదు. మీ ఊళ్ళో గ్రామసభ పెట్టి అభ్యంతరాలు అడిగిన రోజు, పట్టాదారులతో పాటు గొర్రెల సంఘం వాళ్ళను కూడా పిలవండి. మంద ఏ రస్తాలో వచ్చేది, ఏ వంక దాటేది, ఏ చెరువు దగ్గర ఆగేది వాళ్ళ చేత చెప్పించి పాత పటంతో సరిచూసి రాయించండి. దారి తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు.